గోడవైపు తిరిగిన నంబరు ప్లేట్లు

చిన్నాన్న పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను కలకత్తా పక్కన లిలువాలో మా రైల్వే క్వార్టర్ వంటింట్లో పప్పుకి తిరగమోత వేస్తున్నాను. ఫోన్ చేసింది అమ్మ. మామూలుగా అమ్మ ఫోన్ చేస్తే ముందు అరుపు వినబడుతుంది, తర్వాత సంగతి తెలుస్తుంది. తానుండే వాట్‌గంజ్ నుంచి నది దాటి లిలువా దాకా గొంతు చేరాలంటే అరవక తప్పదని ఆవిడ నమ్మకం. ఆవేళ మాత్రం పక్కన కూర్చున్నట్టు మెల్లగా మాట్లాడింది. "అమ్మీ, మీ సిన్నాన్న లెగడం లేదే. టీ ఎట్టాను, సల్లారిపోతంది" అంది. పోయాడు అనలేదు. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి చెప్పేదాకా ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. ఎందుకు అనరో చెబితే మీకు చిన్నాన్న ఎలాంటివాడో తెలుస్తుంది.

ఆదివారం నాడే పోయాడు మహానుభావుడు. వారమంతా ఖిదిర్‌పూర్ ఓడల డాకులో క్రేన్ ఫిట్టరు, ఆదివారం ఒక్కరోజే తనకి తాను యజమాని. ఆ రోజు పొద్దున్నే చద్దన్నం తిని, గళ్ళ లుంగీ ఎగ్గట్టి, సుత్తీ పానా పట్టుకుని ఇంటి మీద పడేవాడు. మా ఇంట్లో ఏ వస్తువూ పుట్టినప్పటి పనిలో ఉండేది కాదు. లారీ స్టీరింగు ముక్కాలి పీట అయ్యేది. కారు హెడ్‌లైటు దేవుడి గూట్లో దీపమయ్యేది. పాత కారు బానెట్ ఒకటి మా కిటికీకి చూరుగా వేలాడేది, వాన కురిస్తే దాని మీద చప్పుడుకి మాటలు వినబడేవి కావు. "ఇది ఇల్లేటి బాబూ, గేరేజీయా?" అని అమ్మ గొణిగేది. "గేరేజీ అయితే ఇంత సుబ్బరంగా ఉంటాదేటి ఒదినా?" అనేవాడు. అమ్మకి నవ్వు వచ్చేది, దాచుకునేది.

మా నాన్న సంగతి చెప్పకుండా చిన్నాన్న సంగతి చెప్పడం కుదరదు. నాన్న ఒక పెద్దమనిషి దగ్గర కారు డ్రైవరు. ఎర్రజెండాల వాళ్ళు కొత్తగా రాజ్యానికి వచ్చిన రోజుల్లో, నేనింకా పలక పట్టుకుని తిరిగే వయసులో, ఒక మధ్యాహ్నం బూట్లు తొడుక్కుని, కారుకి బ్రేకులు చూపించుకొస్తానని వెళ్ళాడు. ఆయనా రాలేదు, కారూ రాలేదు. ఠాణాలో రాసుకున్నారు. యజమాని కొన్నాళ్ళు మా గుమ్మంలోకి వచ్చి అరిచి, ఆ తర్వాత ఊరుకున్నాడు. నదిలో పడిపోయి ఉంటాడన్నారు కొందరు. ఎవత్తెతోనో వెళ్ళిపోయాడన్నారు ఇంకొందరు, వాళ్ళ నోరు పడిపోను. చివరికి మా అమ్మకి మిగిలింది ఒకటే ప్రశ్న. నుదుటి మీద బొట్టు ఉంచుకోవాలా, తీసెయ్యాలా? అద్దం ముందు నిలబడ్డ ప్రతి పొద్దునా ఆవిడ ఆ ప్రశ్న వేసుకోవడం, జవాబు లేక బొట్టు పెట్టుకోవడం చూస్తూ పెరిగాను నేను.

చిన్నాన్న అప్పటికి పెళ్ళీడువాడు. ఆ తర్వాత మరి పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. "అంత బండి మాయమైపోద్దేటి? ఎక్కడో ఇనుమై పడుంటాది. నంబరు ప్లేటు దొరికితే బండి జాడ దొరుకుతాది. బండి దొరికితే అన్న జాడ దొరుకుతాది" అన్నాడట. అలా మొదలైంది మల్లిక్ బజార్‌కి తిరగడం. కలకత్తాలో చచ్చిన కార్లన్నీ ముక్కలై చేరేది ఆ బజారుకే. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడి తుక్కు గుట్టల్లో మోకాళ్ళ మీద కూర్చుని ప్లేట్లు ఏరేవాడు. తనకి కావలసినది దొరక్కపోయినా ఉత్తి చేతులతో వచ్చేవాడు కాదు. ఎనామిల్ పూత వేసిన బ్రిటిష్ కాలం పలకలు, అక్షరాలు ఉబ్బెత్తుగా పోతపోసినవి, చేత్తో రాసినవి, ఏదో ఒకటి గోనెసంచిలో వచ్చేది. చింతపండూ బూడిదా పెట్టి ఇత్తడి బిందెలు తోమినట్టు తోమేవాడు.

ఆ తుక్కు గుట్టల దగ్గరే ఆయనకి మిస్త్రీ దాదా కలిశాడు. ఖిదిర్‌పూర్‌లో చిన్న షెడ్డు ఉన్న బెంగాలీ మెకానిక్. ఓడల మీద వచ్చే విదేశీ నావికులు వదిలేసిపోయిన బొమ్మల పుస్తకాలు ఆయన దగ్గర ఉండేవి. పాత కార్ల పైకప్పు కోసి కిందకి దించి, బానెట్ పీకేసి, మూడింతల ఇంజను పెట్టి, నిప్పు మంటలు రంగులద్ది పరిగెత్తిస్తారట అమెరికాలో. వాటిని హాట్ రాడ్లంటారట. ఈ ఇద్దరికీ ఆ పిచ్చి పట్టుకుంది. విలాయతీ కారు ఒకటి తుక్కులో కొని, లారీ ఇంజను కూర్చోబెట్టి, మా సందులోనే ఏళ్ళ తరబడి చెక్కారు. సందులో అందరూ దాన్ని గాడిద అనేవారు. పాపం, అది ఓండ్రపెట్టేది కూడా.

ఇక ప్లేట్ల గోడ. మా ముందుగదిలో ఒక గోడ నిండా అవే. కొన్ని మనవైపు చూస్తూ ఉండేవి. ఎక్కువ భాగం గోడవైపు తిరిగి, తుప్పు వీపులు చూపిస్తూ ఉండేవి. అది చిన్నాన్న పెట్టిన కట్టుబాటు. ఏ కారు ఎలా పోయిందో కళ్ళతో చూసినవాడు ఒకడైనా దొరికితేనే ఆ ప్లేటు ఇటు తిరుగుతుంది. దొరకలేదా, గోడవైపే. దుకాణదారు "అది పోయింది లెండి" అన్నా ఒప్పుకునేవాడు కాదు. "సూడకుండా సచ్చిందనకు. సూడకుండా బతికుందనీ అనకు. తెలీదని సెప్పడానికి సిగ్గేటి?" అనేవాడు. ఇంటికి వచ్చిన చుట్టాలకి ఆ వీపుల గోడ చూస్తే ఒళ్ళు జలదరించేది. ఎవరో బోలెడంతమంది మనమీద అలిగి అటు తిరిగి కూర్చున్నట్టు ఉండేది. నేను వాటి కిందే చాప వేసుకుని చదువుకున్నాను, నాకేం అనిపించేది కాదు. ఒక్క సంగతి తప్ప.

నదిలో ఓడ కూత వేస్తే రేకు గనక ప్లేట్లన్నీ సన్నగా జుమ్మనేవి. అందులో వింత లేదు. కానీ ఇవి కూతకి ముందే జుమ్మనేవి. పట్టపగలు, గాలి ఆడని వేళ, పుస్తకం మీద వంగి ఉంటే తలపైన మొదలయ్యేది. నేను పెన్ను కింద పెట్టి వినేదాన్ని. ఆ తర్వాత, నిదానంగా, నది మీద నుంచి కూత వచ్చేది. చిన్నాన్నని అడిగాను. "ఇనుముకి మనకన్నా ముందే ఇనిపిస్తాది అమ్మీ" అన్నాడు, అదేదో పాలవాడు వచ్చాడని చెప్పినంత తేలిగ్గా. నాకు భయం వేసింది, ఆ భయం చెబితే నవ్వుతాడని ఊరుకున్నాను.

నేను హైస్కూలు దాటే ఏడు మా నాన్న నడిపిన కారు ప్లేటు దొరికింది.

సంచిలో వేసుకుని రాలేదు. చొక్కా విప్పి అందులో చుట్టుకుని, బనీనుతో ట్రాము ఎక్కి వచ్చాడు. అమ్మ బియ్యం ఏరుతోంది. పక్కన నేల మీద పెట్టాడు. అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు గానీ ఆ నంబరు ఆవిడకి ముగ్గులా వచ్చు. వేలితో గీతల వెంట రాసి చూసుకుంది. "బండో?" అంది. "లేదు ఒదినా. ఇదొక్కటే. తుక్కు లాట్‌లో ఒచ్చిందంట, ఎక్కడిదో కొట్టోడికీ తెలీదంట." "మనిషో?" చిన్నాన్న తల అడ్డంగా ఊపాడు. అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. బతికున్నాడట అనొచ్చు, పోయాడట అనొచ్చు. రెండింటిలో ఏదన్నా మా అమ్మ నమ్మేసేది, ఆ ప్రశ్న తీరిపోయేది. చిన్నాన్న ఆ ప్లేటుని తోమలేదు. బురదతోనే తీసుకెళ్ళి గోడకి తగిలించాడు, ముఖం గోడవైపు పెట్టి.

సొంతూళ్ళో పెద్దలు ఊరుకుంటారా? శ్రీకాకుళం వైపు నుంచి మనిషి వెంట మనిషి వచ్చారు. ఇన్నేళ్ళు కనబడని మనిషికి దర్భలతో బొమ్మ కట్టి దహనం చేసెయ్యొచ్చు, శాస్త్రం ఒప్పుకుంటుంది, ప్లేటు కూడా దొరికింది, ఇంకేం కావాలి అన్నారు. "నలుగురూ ఏటనుకుంటన్నారో తెలుసా? అటూ ఇటూ కాకుండా మీ ఒదినని అలా ఉంచేసినావు" అని చిన్నాన్నని నిలదీశాడు మా దూరపు తాతయ్య ఒకాయన. చిన్నాన్న మర్యాదగా ఆయనకి స్టీరింగు పీట వేసి కూర్చోబెట్టి, "అది మా ఒదిన నోట రావాల తాతా. నా నోట కాదు, నీ నోట అసలే కాదు" అన్నాడు. తాతగారు ఆ పీట మీద నుంచి లేచిన లేవడం మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. పీడా పోయింది.

ఆ ఏడే విశ్వకర్మ పూజకి గాడిద సిద్ధమైంది. కలకత్తాలో పనిముట్టు పట్టిన ప్రతివాడికీ అది పెద్ద పండగ. ఆకాశం నిండా గాలిపటాలు, కింద ప్రతి షెడ్డులో దేవుడు, మైకు. చిన్నాన్నా మిస్త్రీ దాదా వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్తగా కూర్చిన బండి మొదటిసారి కదిలేటప్పుడు దానికో పాత ప్లేటు తీగతో కడతారు. పెద్దల ఆశీర్వచనం అన్నమాట. కాకపోతే గోడమీద మనవైపు తిరిగిన ప్లేటే కట్టాలి. పోయిన సంగతి తెలిసిన పెద్దలే దీవిస్తారు, తెలియనివాళ్ళని పిలవకూడదు.

అయితే పండగకి ఇల్లు శుభ్రం చెయ్యాలి కదా. అమ్మా నేనూ గోడలకి సున్నం వేద్దామని ప్లేట్లన్నీ దించి గుమ్మం పక్కన పేర్చాం. ఏది ఇటు తిరిగింది, ఏది అటు తిరిగింది, ఆ సున్నపు హడావిడిలో మాకు తోచనే లేదు. మిస్త్రీ దాదా వచ్చి ఆ దొంతరలోంచి ఒకటి తీసుకుపోయాడు. మా నాన్న కారు నంబరు ఆయనకి తెలీదు. చిన్నాన్న ఇంటి సంగతి బయట చెప్పే మనిషి కాడు.

మధ్యాహ్నం. నెత్తిమీద ఎండ. గాడిద సందు మొగలోంచి మెల్లగా వస్తోంది, వెనకాల చిన్నాన్న, డప్పులు, పిల్లలు. గుమ్మంలో అమ్మ హారతి పళ్ళెంతో నిలబడింది. ముందద్దం మీద ఎండ పడి లోపల ఎవరున్నారో కనబడటం లేదు, తెల్లటి మెరుపు తప్ప. నాకు ముందు ప్లేటు కనబడింది. అది మా నాన్న కారుది. అమ్మ వైపు చూశాను. ఆవిడ కళ్ళు ఆ ప్లేటు మీదే ఉన్నాయి. బండి వచ్చి మా గుమ్మం ముందు ఆగింది.

తలుపు తెరుచుకోలేదు. ఎవరూ దిగలేదు. డప్పులు ఆగిపోయాయి.

"అన్నం సల్లారిపోనాది. ఇంతసేపేటి?" అంది అమ్మ.

ఆ గొంతు నాకు తెలియదు. చిరాకూ మురిపెమూ కలిసిన, పడుచు గొంతు. నాకు జ్ఞానం వచ్చాక ఆవిడ ఎవరితోనూ ఆ గొంతుతో మాట్లాడలేదు. డ్రైవరు వైపు లోపలి పిడి ఇంకా బిగించలేదు గనక తలుపు రాక, మిస్త్రీ దాదా తంటాలు పడి కిటికీలోంచి బయటకి దూకాడు. "కీ హొలో బౌది? ఏమైంది?" అంటున్నాడు. అమ్మ ఆయన వంక చూడనేలేదు. పళ్ళెం నా చేతికిచ్చి, బండి చుట్టూ తిరిగి, ఎడమవైపు తలుపు తీసి ఎక్కి కూర్చుంది. తలుపు వేసుకుంది.

చిన్నాన్న అప్పటికి ముందుకి వచ్చి ప్లేటు చూశాడు.  నలుగురూ కదలబోతే చెయ్యెత్తి ఆపాడు. పిలవలేదు, తలుపు లాగలేదు. వెళ్ళి ముందు చక్రానికి వీపు ఆనించి ఆ మట్టిలో కూర్చున్నాడు, అంతే. జనం కాసేపు చూసి సర్దుకున్నారు. గాలిపటాలు తెగి మేడల మీద పడుతున్నాయి, "భో కట్టా" అని ఎక్కడో కేకలు. లోపల అమ్మ పెదవులు కదులుతున్నాయి. ఒక మాట అనేది, ఆగేది, తల ఊపేది. ఎదుటివాళ్ళు చెప్పేది వింటున్నప్పుడు ఆగుతామే, అలా ఆగేది.

మంచినీళ్ళు ఇద్దామని వెళ్ళాను. కిటికీలోంచి చూశాను. డ్రైవరు సీటు దిగబడి ఉంది. మిస్త్రీ దాదా ఎప్పుడో దిగిపోయాడు, ఎదురింటి అరుగు మీద బీడీ తాగుతున్నాడు. ఆ రెక్సిన్ సీటు బరువైన మనిషి కూర్చున్నట్టు నడిమికి కుంగి, అంచులు లేచి ఉంది. నీళ్ళు ఇవ్వకుండానే వెనక్కి వచ్చేశాను. ఎండ వాలాక అమ్మ తనంతట తనే తలుపు తీసుకుని దిగింది. ఆవిడ దిగాక ఆ డ్రైవరు సీటు కిర్రుమంటూ మెల్లగా, చాలా మెల్లగా పైకి లేచింది. నేను చూశాను. చక్రం దగ్గర నుంచి లేచి నిలబడ్డ చిన్నాన్న కూడా చూశాడు.

"ప్లేటు తీసీ బాబూ" అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

 చిన్నాన్న నా తల మీద అరచెయ్యి పెట్టాడు. "స్ప్రింగులు పాతవమ్మీ. అలాగే కూలబడతాయి, లెగుస్తాయి" అన్నాడు. ఆ స్ప్రింగులు ఆయన అంతకు ముందు ఆదివారమే కొత్తవి తెచ్చి, నా ఎదురుగా బిగించాడు. చూడనిది చూశానని అనని మనిషి, ఆ ఒక్కసారి చూసింది చూడలేదన్నాడు. నేను నిద్రపోవాలని అలా అన్నాడు. నిజంగానే నిద్రపోయాను. అందుకు ఆయనకి దణ్ణం పెట్టుకోని రోజు లేదు.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. గాడిద సందులోనే తుప్పు పట్టింది, చిన్నాన్న దాన్ని మళ్ళీ కదిలించలేదు. నాకు పెళ్ళి చేశాడు, పీటల మీద తండ్రి స్థానంలో కూర్చోమంటే కూర్చోలేదు, ఆ పీట ఖాళీగా ఉంచి పక్కన నిలబడ్డాడు. డాకులో పని తగ్గిపోయింది, రిటైరయ్యాడు, మల్లిక్ బజార్‌కి మాత్రం మానలేదు. "నాను పోతే తలకొరివి అమ్మీయే ఎట్టాల" అని అమ్మతో ఒకటికి పదిసార్లు చెప్పాడు. అమ్మ "నోర్ముయ్యి బాబూ" అనేది.

గంగ ఒడ్డున శ్మశాన ఘాట్‌కి ఆడవాళ్ళు రాకూడదని మా వాళ్ళు సణిగారు. అమ్మ వాళ్ళని పట్టించుకోకుండా నా చెయ్యి పట్టుకుని వ్యాను ఎక్కింది. చితి మీద చిన్నాన్న ఇంకా పొట్టిగా కనబడ్డాడు. అసలే నా భుజం దాటని మనిషి. మంత్రం చెప్పడానికి వచ్చిన మన తెలుగు పంతులుగారు నన్ను చూసి తటపటాయించారు. "పెళ్ళాం బిడ్డలు లేరన్నారు, సరే. ఇతనికి అన్న ఎవరైనా ఉన్నాడా? ఉంటే ముందు అతనికే అధికారం. వచ్చేదాకా ఆగాలి" అన్నారు.

 ఇన్నేళ్ళూ ఎంతమంది అడిగినా మా ఇంట్లో ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న అది. చిన్నాన్న అమ్మని అడగనివ్వలేదు. అడగనివ్వకుండా అడ్డుగా కూర్చునే ఆ మనిషి ఇప్పుడు కట్టెల మీద ఉన్నాడు. ఎండలో ఆలస్యమైపోతోంది. అమ్మ ఘాట్ గేటు వైపు చూసింది. మనిషికి నడిచి వచ్చే వ్యవధి ఇచ్చినట్టు, అంతసేపు చూసింది. తర్వాత పంతులుగారి వైపు తిరిగింది.

"లేడు బాబూ" అంది. "అన్న లేడు. అమ్మాయే ఎడతాది."

అని, కొంగుతో నుదుటి బొట్టు తుడుచుకుంది. తన చేత్తో తనే. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, చిన్నాన్న కోసమో నాన్న కోసమో కూడా తెలియలేదు. నీళ్ళకుండ భుజాన పెట్టారు. తిరిగాను. ప్రతి చుట్టుకీ కుండకి చిల్లు పెట్టారు, చివర వెనక్కి వదిలేశాను, పగిలింది. ముఖం తిప్పుకుని నిప్పు పెట్టాను. "ఇంక వెనక్కి చూడకుండా వెళ్ళిపో తల్లీ" అన్నారు పంతులుగారు.

నడుస్తున్నాను. గేటు దాకా సన్నటి ఇటుకల దారి, దాని మధ్యలో అమ్మ నిలబడి నాకోసం చూస్తోంది. నా వెనక అడుగులు వినబడ్డాయి. బూట్ల అడుగులు. అక్కడ మేమంతా ఒట్టికాళ్ళతో ఉన్నాం. నేను ఆగితే ఆగాయి, నడిస్తే నడిచాయి. చూడకూడదు గనక చూడలేదు, అమ్మ ముఖమే చూశాను. అమ్మ నన్ను చూడటం లేదు. ఆవిడ చూపు నా తల మీదుగా, బాగా పైకి ఉంది. చిన్నాన్న అంత ఎత్తు ఉండడు. మా నాన్న పొడగరి అని అందరూ అంటారు.

నేను దగ్గరికి వచ్చేసరికి అమ్మ దారి దిగి గడ్డిలోకి జరిగింది. నేను ఆవిడని దాటి వెళ్ళాను. దాటాక కూడా, ఇంకొకరు వెళ్ళడానికి పట్టేంతసేపు, అమ్మ తల వంచుకుని అలాగే పక్కకి నిలబడి ఉంది.